అన్నమునందలి ఔషధమును వెదకిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున ఒక మహనీయుని చరిత్రమును చదువరుల ముందుంచుట ఉచితమని తలంచితిమి. రాజులను గూర్చియు, కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు మన బీరువాలలో గ్రంథములు పెక్కు గలవు. కాని మనము దినదినము తిను అన్నము కడుపులో పడిన పిమ్మట ఏమగుచున్నది, అది నెత్తురుగను కండగను బలముగను ఎట్లు మారుచున్నది అను ప్రశ్నకు సమాధానము వెదకుటలో తన జీవితమునంతను ధారవోసిన తెలుగువానిని గూర్చి ఎరిగినవారు తక్కువ.

మన యింటి ఆడుబిడ్డ గర్భవతియైనపుడు ఆశా కార్యకర్త తెచ్చి యిచ్చు ఎర్రని మాత్రను మనమందరము చూచితిమి. అందు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థము గలదు. కోస్తా గ్రామములలో బోదకాలు వ్యాధి రాకుండ ఇంటింటికి పంచు డి.ఇ.సి. మాత్రలను గూడ మనవారు మ్రింగియున్నారు. ఈ రెండు మాత్రల వెనుకను ఒకే పేరున్నది. ఆ పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మాత్రను చేతబట్టినవారికి ఆ పేరు తెలియదు. ఆ పేరు విన్నవారిలో గూడ వారు చేసిన పని ఎట్టిదో తెలిసినవారు కొలదిమందియే. ఆ లోపమును కొంతయైనను తీర్చుటకే ఈ వ్యాసము.

బాల్యము

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానములో సుబ్బారావు గారు నాలుగవవారు. తండ్రి అనారోగ్యమువలన ఉద్యోగమును ముందుగనే విడువవలసి వచ్చుటచే ఇంటిలో కలిమి లేకపోయెను. ఆ లేమిలో పిల్లలను చదివింపవలెనను పట్టుదల మాత్రము తల్లికి మెండు.

బాలునికి చదువుమీద తొలుత మనసు నిలువలేదు. ఇల్లు విడిచి కాశికి బోయి, అచ్చటి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము కూడబెట్టవలెనని ఒకనాడు బయలుదేరెను. ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చిరి. తల్లి మందలించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవమారు కృతార్థుడయ్యెను. ఒక్క పరీక్ష పోయినంతనే బ్రతుకే పోయినట్లు తలంచు బాలురు నేడు మన యూళ్ళలో గలరు. వారు ఈ సంగతిని గమనింపవలెను. రెండుమార్లు తప్పిన ఆ బాలుడే హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బడసెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువుచున్నపుడు వారి మనసు ఆధ్యాత్మికమార్గము వైపునకు మరలెను. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని తలంచిరి. తల్లి ససేమిరా యనెను. రోగులకు సేవ చేయుట గూడ భగవత్సేవయే యని తలంచి వారు వైద్యవిద్యవైపు తిరిగిరి. కాషాయము కట్టకపోయినను సన్యాసి లక్షణములు కొన్ని వారిని తుదివరకు విడువలేదు. ధనముపై ఆశ గాని, పేరుపై మక్కువ గాని వారికి ఎన్నడును కలుగలేదు.

ఖద్దరు వస్త్రము తెచ్చిన తంటా

మద్రాసు వైద్య కళాశాలలో చదువునకు మిత్రులు కొంత సాయము చేసిరి. అనపర్తి వాస్తవ్యులైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మిక్కిలి అండగా నిలిచిరి. 1919లో వారి కుమార్తె శేషగిరి గారిని సుబ్బారావు గారు వివాహమాడిరి.

అవి దేశమంతట గాంధీమహాత్ముని పిలుపు మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు గారు విదేశవస్త్రమును విసర్జించి, శస్త్రచికిత్స నేర్చుకొను గదిలోనికి గూడ ఖద్దరు అంగీతోనే పోసాగిరి. ఆ శాఖకు ఆచార్యుడైన ఆంగ్లేయునకు ఇది కంటగింపయ్యెను. సుబ్బారావు గారు వ్రాతపరీక్షలలో చక్కగా కృతార్థులైనను వారికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించెను. ఆ కారణముచే సర్కారు వైద్యశాఖలో వారు కోరిన కొలువు దొరకలేదు.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. కొలది దినముల వ్యవధిలో ఇరువురు సోదరులు ఒకే వ్యాధికి బలియైరి. అది ఉష్ణదేశములలో వచ్చు స్ప్రూ అను జబ్బు. మన వైద్యులు దీనిని గ్రహణి వర్గములో చేర్తురు. ఈ వ్యాధి సోకినవానికి తిన్న తిండి ఒంటబట్టదు. విరేచనములు ఆగవు, నోరు పూయును, నెత్తురు పలుచబడును, మనిషి దినదినమును కృశించి ఎముకల గూడగును. ఎదుట అన్నమున్నను, తినుచునే యున్నను, శరీరము ఆకలితో చచ్చుటయన్న మాట. సుబ్బారావు గారికిని ఈ వ్యాధి సోకెను. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో వారు కోలుకొనిరి.

ఇంగ్లీషు వైద్యము నభ్యసించిన ఆ యువకుని మనసులో నాడు రెండు ప్రశ్నలు నాటుకొనెను. సోదరుల ప్రాణములు తీసినది ఏ లోపము? తన ప్రాణము నిలిపిన మందులో ఉన్నదేమి? లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు వారు ఈ ప్రశ్నలనే తలపోయుచుండిరి. ప్రాచీన వైద్యుల అనుభవము వ్యర్థము కాదనియు, దానిలోని సారమును నవీన రసాయనశాస్త్రముతో వేరుచేసి చూపవలెననియు వారి ఆశయము. అందుకు తగిన పరిశోధనశాల ఆనాడు వారికి మన దేశమున అందుబాటులో లేకపోయెను.

సముద్రము దాటుట

కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వాగ్దానము చేసిన సాయముతోను, మామగారు సమకూర్చిన ద్రవ్యముతోను సుబ్బారావు గారు అమెరికాకు బయలుదేరిరి. భార్య అప్పటికి గర్భవతి. మూడేండ్లలో తిరిగి వత్తునని తలంచి పోయిన ఆ ప్రయాణము తిరుగు ప్రయాణము లేనిదగునని ఆనాడు ఎవరును ఊహింపలేదు.

బోస్టను నగరమునందలి హార్వర్డు ఉష్ణదేశ వైద్య విద్యాలయమున వారు చేరిరి. వారి భారతీయ యోగ్యతాపత్రము అచ్చట వైద్యము చేయుటకు పనికిరాదు. చేతిలోని సొమ్ము చాలదు. అందుచే ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకునిగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలను శుభ్రము చేయుచు, పగలు చదువుకొనిరి. సంప్రదాయ కుటుంబమున బుట్టి, వైద్యవిద్య నభ్యసించినవారు ఆ పనికి సిగ్గుపడలేదు. డిప్లొమా పొందిన పిమ్మట హార్వర్డు వైద్య కళాశాలయందలి జీవరసాయన శాస్త్ర శాఖలో చేరిరి. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. వారికి మార్గదర్శకుడు సైరస్ ఫిస్క్.

జీవరసాయన శాస్త్రమనగా ప్రాణముగల శరీరములో జరుగు రసాయన క్రియలను పరిశీలించు విద్య. వంటయింటిలో పొయ్యిమీద బియ్యము అన్నమైనట్లే, మన దేహములోను క్షణక్షణము ఒక పదార్థము వేరొకటిగా మారుచుండును. ఆ మార్పులను ఒక్కొక్కటిగా పట్టుకొని, కొలిచి, కారణము చెప్పుటయే ఈ శాస్త్రము పని.

నీలిరంగు చెప్పిన నిజము

ఎముకలయందు, నెత్తుటియందు, కండయందు భాస్వరము గలదు. ఒక చుక్క నెత్తుటిలో అది ఎంత యున్నదో కొలుచుట ఆనాడు మిక్కిలి శ్రమతో గూడిన పని. ఫిస్క్, సుబ్బారావు గార్లు అందులకు ఒక సులభమార్గమును కనిపెట్టి 1925లో ప్రకటించిరి. భాస్వరముగల ద్రవమునకు మాలిబ్డినపు లవణమును, మరికొన్ని ద్రవ్యములను చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము హెచ్చుగా నున్నచో రంగు చిక్కగా నుండును. తక్కువైనచో పలుచగా నుండును. తెలిసిన కొలతగల ద్రవపు రంగుతో పోల్చి చూచినచో లెక్క తేలిపోవును. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యని పేరొందిన ఈ విధానమును లోకమందలి విద్యార్థులు తరతరములుగా నేర్చుకొనుచు వచ్చిరి.

ఆ నీలిరంగే వారిని తరువాతి మెట్టునకు చేర్చెను. కండనుండి తీసిన ద్రవమును పరీక్షించినపుడు రంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా చిక్కనగుచుండుటను వారు గమనించిరి. మరియొకరైనచో ద్రవ్యములలో లోపమున్నదని తలంచి ఊరకుందురు. వీరు అట్లు విడువలేదు. కండలో భాస్వరము మరియొక పదార్థముతో ముడిపడియుండి, ఆ ముడి నెమ్మదిగా విడివడుచుండుటచేతనే రంగు ఆలస్యమగుచున్నదని తేల్చిరి. ఆ కూడికకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. దీనిని వారు 1927లో ప్రకటించిరి. కండ పని చేయునపుడు అది తరుగును. విశ్రాంతి నొందునపుడు మరల కూడును. ఆ సమయముననే ఇంగ్లండునందు ఎగిల్టన్ దంపతులును వేరుగా ఈ పదార్థపు జాడను పట్టిరి.

1929లో ఫిస్క్, సుబ్బారావు గార్లు కండనుండి మరియొక పదార్థమును వేరుచేసి చూపిరి. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తముగా ఏ.టి.పి. అందురు. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దీనిని కనుగొనెను. కావున ఈ కీర్తి ఒక్కరిది కాదు. సముద్రమునకు ఆవలనున్నవారితో పంచుకొనవలసినది. సత్యము చెప్పినంత మాత్రమున మనవాని గొప్ప తగ్గదు.

ఏ.టి.పి. అనగా నేమి? రైతు గాదెలో ధాన్యమున్నంత మాత్రమున అంగడికి బోయి ఉప్పు కొనలేడు. ధాన్యమును అమ్మి రొక్కము చేతికి రావలెను. మనము తిన్న అన్నము, పప్పు, నూనె గాదెలోని ధాన్యము వంటివి. చేయి కదలుటకు, గుండె కొట్టుకొనుటకు, తలంపు కలుగుటకు గూడ శరీరమునకు కావలసిన చేతిరొక్కము ఏ.టి.పి. ఈ పోలికకు శాస్త్రాధారమును 1941లో లిప్మన్ అను పండితుడు సమకూర్చెను. మన దేహమునందు ఏకకాలమున ఉండు ఏ.టి.పి. స్వల్పమే, కాని అది నిరంతరము ఖర్చగుచు మరల తయారగుచుండుటచే, ఒక్క దినములో చెలామణి యగునది దాదాపు మనిషి బరువంత యుండునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

1930లో సుబ్బారావు గారికి హార్వర్డు పిహెచ్.డి. పట్టము నొసగెను. మద్రాసు కళాశాల నిరాకరించినదానికంటె ఎన్నియో రెట్లు గొప్ప గౌరవమది. అయినను స్థిరమైన ఆచార్యపదవి మాత్రము అచ్చట వారికి దక్కలేదు. తన పనిని తాను చాటుకొనుట వారికి తెలియదు, ఇతరులు చాటలేదు.

కాలేయమునుండి ఆకుకూరకు

సుబ్బారావు గారి మనసు మాత్రము సోదరులను తీసికొనిపోయిన వ్యాధినుండి మరలలేదు. బోస్టనునందే మైనట్, మర్ఫీ అను వైద్యులు 1926లో ఒక వింత చికిత్సను ప్రకటించియుండిరి. అప్పటివరకు మరణమే గతి యనుకొన్న ఒక విధమైన రక్తహీనతను, రోగికి దినమును హెచ్చుగా కాలేయమును తినిపించి వారు కుదిర్చిరి. ఈ పనికి మూలమైన పరిశోధనలు చేసిన విప్పిల్ గారితో గూడ వారికి 1934లో నోబెల్ బహుమానము లభించెను. కాలేయములో ఏదో మహత్తుగల పదార్థమున్నదని తేలెను. అది యేదో తేలలేదు. సుబ్బారావు గారు ఆ వెదకులాటలో దిగిరి. కాలేయసారమును భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునందలి పదార్థములను పరిశీలించిరి. ఈ మార్గముననే బి వర్గపు విటమినులపైన వారి కృషి సాగెను. ఎలుకల పోషణలో పాంటోథెనిక్ ఆమ్లము యొక్క అవసరమును గూర్చి హిచింగ్స్ అను సహచరునితో కలసి 1939లో వ్యాసము ప్రకటించిరి.

ఇంతలో మన దేశముననే ఈ కథయందలి మరియొక ఘట్టము జరిగియుండెను. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో కూలిచేయు పేద స్త్రీలు గర్భవతులైనపుడు వారికి కలుగు రక్తహీనతను పరిశీలించెను. సరియైన తిండి లేకపోవుటయే దీనికి కారణమని ఊహించి, ఈస్టు అను పులుపుపదార్థమునుండి తీసిన మార్మైట్ అను సారమును వారికి తినిపించెను. వారి నెత్తురు బాగుపడెను. 1931లో ఆమె దీనిని ప్రకటించెను. ఆ గుణమిచ్చిన పదార్థమును విల్స్ కారకమని పిలిచిరి. 1941లో అమెరికాలో మరికొందరు నాలుగు టన్నుల పాలకూరనుండి ఇట్టి పదార్థమునే కొంచెముగా తీసి, ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి.

టన్నుల కొలది ఆకుకూరనుండి చిటికెడు మందు వచ్చినచో లోకములోని రోగులకు అది యెట్లు సరిపోవును? దాని నిర్మాణమును తెలిసికొని పరిశోధనశాలలో తయారుచేయవలెను. 1940లో సుబ్బారావు గారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను చోటనున్న లెడర్లీ పరిశోధనశాలలో చేరిరి. కొలది కాలములోనే పరిశోధనలకెల్ల అధిపతియైరి. వారి నాయకత్వమున పెక్కుమంది శాస్త్రజ్ఞులు పనిచేసి ఫోలిక్ ఆమ్లమును శుద్ధమైన స్ఫటికములుగా వేరుచేసి, 1945లో కృత్రిమముగా తయారుచేసి చూపిరి. ఆ యేడే టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని రోగులకిచ్చి, పోషణలోపమువలన కలుగు రక్తహీనతలో అది పనిచేయుటను నిరూపించెను. స్ప్రూ రోగుల రక్తహీనతయు దానిచే తగ్గెను. సోదరులను పోగొట్టుకొన్న పెక్కేండ్లకు, ఆ రోగులకు పనికివచ్చు మందు సుబ్బారావు గారి చేతికి వచ్చెను. సోదరులకు అది అందలేదు, లోకమునకు అందెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పకున్న సత్యము లోపించును. కాలేయముతో కుదిరిన ఆ మొదటి రక్తహీనతకు అసలు మందు ఫోలిక్ ఆమ్లము కాదు. అది నెత్తుటిని కొంత బాగుచేసినను నరములకు కలుగు హానిని ఆపదు. దానికి తగిన మందు బి12 విటమిను. దానిని ఎర్రని స్ఫటికములుగా ఇతరులు 1948లో వేరుచేసిరి. సుబ్బారావు గారు ఒకదానికై త్రవ్వి వేరొక నిధిని కనుగొనిరన్నమాట. నేటికిని వైద్యుడు రక్తహీనత యనగానే అది ఏ లోపమువలన కలిగినదో తెలిసికొన్న పిమ్మటనే మందు నిర్ణయించుటకు కారణమిదే.

వ్యాధిని ఆకలితో చంపుట

ఫోలిక్ ఆమ్లము లేనిదే శరీరకణము రెండుగా చీలజాలదు. అందుకే అది కొరవడినపుడు క్షణక్షణము కొత్త కణములు పుట్టవలసిన నెత్తుటియందు ముందుగా దోషము కనబడును. ఈ జ్ఞానమును తలక్రిందు చేసి చూచినచో మరియొక ఔషధము దొరకెను. రక్తపు క్యాన్సరులో చెడుకణములు మితిలేక పెరుగును. వానికి ఫోలిక్ ఆమ్లము దక్కకుండ చేసినచో? ఫోలిక్ ఆమ్లమువలెనే కనబడుచు దాని పని చేయని దొంగ పదార్థమును కణమునకు అందించినచో, తాళములో పట్టని తాళపుచెవి ఇరుక్కొన్నట్లు ఆ కణము పని నిలిచిపోవును.

సుబ్బారావు గారి బృందము తయారుచేసి యిచ్చిన అమినాప్టెరిన్ అను అట్టి పదార్థమును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల బిడ్డలకిచ్చెను. 1948లో అతడు ప్రకటించిన వివరములలో పదునారుగురు బిడ్డలలో పదిమందికి గుణము కనబడెను. ఆ గుణము తాత్కాలికమే; వ్యాధి మరల తిరుగబెట్టెను. అయినను మందుతో ఆ వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తొలిసారి తెలిసెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరులోను, కీళ్ళవాతములోను వైద్యులు వాడుచున్న ఔషధము.

లెడర్లీలోనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ గారు సుబ్బారావు గారి ప్రోత్సాహముతో మట్టిలోని సూక్ష్మజీవులను వెదకి, ఆరియోమైసిన్ అను ఔషధమును కనిపెట్టి 1948లో ప్రకటించిరి. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో ఇదియే మొదటిది. పెన్సిలిన్ లొంగదీయలేని పెక్కు అంటురోగములకు ఇది పనికివచ్చెను. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములను చంపు హెట్రజాన్ అను మందును గూడ వారి బృందము 1947లో వెలువరించెను. దీనినే మనము డి.ఇ.సి. యందుము. దోమకాటుచే శరీరములో చేరు ఆ క్రిముల పిల్లలు రాత్రివేళ నెత్తుటిలో తిరుగును; అందుకే ఆరోగ్యశాఖవారు రాత్రిపూట వచ్చి నెత్తుటిచుక్క తీసికొందురు. గోదావరి సీమలో బుట్టిన బిడ్డ, తీరగ్రామముల ప్రజలను పీడించు వ్యాధికి సముద్రమావల నుండి మందు పంపినట్లయ్యెను.

అస్తమయము

ఇన్ని విజయముల వెనుక ఒక ఇంటి దుఃఖము దాగియున్నది. సుబ్బారావు గారు అమెరికాకు బోయిన పిమ్మట జన్మించిన కుమారుడు పసితనమునందే కన్నుమూసెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడలేదు. శేషగిరి గారు భర్త రాకకై ఎదురు చూచుచునే యుండిరి. పని ముగిసిన పిమ్మట వత్తునని వారు తలంచుట, ఒక పని ముగియకముందే మరియొకటి మొదలగుట, ఇట్లు ఇరువదియైదేండ్లు గడచిపోయెను. ఆమె త్యాగమును ఏ శాస్త్రగ్రంథమును పేర్కొనదు. కాని సుబ్బారావు గారి చరిత్రమును వ్రాయువారు ఆమెను మరచినచో అది సగము చరిత్రమే యగును.

అమెరికాలో అంతకాలమున్నను వారు ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. 1947లో స్వతంత్రమైన తన దేశమును కన్నులార చూచు భాగ్యము వారికి లేకపోయెను. 1948 ఆగస్టు 8వ తేదీన న్యూయార్కునందు నిద్రలోనే గుండె ఆగి పరమపదించిరి. వయస్సు ఏబదిమూడేండ్లు. ఆరియోమైసిన్ లోకమునకు తెలిసిన కొలది దినములకే ఇది జరిగెను.

నోబెల్ బహుమానము గాని, జీవించియుండగా జనుల జేజేలు గాని వారు పొందలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. శతజయంతి సంవత్సరమగు 1995లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్ళను వెలువరించెను.

మనకు మిగిలిన కర్తవ్యము

నేడు మన పిల్లలు కొందరు గృహవిజ్ఞాన కళాశాలలలోను, పోషకాహార శాస్త్రములోను చేరుచున్నారు. అందు జీవరసాయన శాస్త్రము తప్పనిసరి పాఠ్యభాగము. వంటను, ఆహారమును గూర్చి నేర్చుకొనవచ్చినవారికి ఈ సమీకరణములు, ఈ నోరు తిరుగని పేర్లు దేనికని కొందరికి విసుగు పుట్టుట సహజము. సుబ్బారావు గారి జీవితమే దానికి సమాధానము. ఆకుకూర మంచిదని మన అవ్వలకు తెలియును. అది యెందుకు మంచిది, ఎవరికి ఎంత కావలెను, ఏ రోగమున పనిచేయును, ఏ రోగమున చాలదు అనునది తెలియవలెనన్న ఆకులోని పదార్థమును ఎరుగవలెను. అనుభవము దారి చూపును. శాస్త్రము ఆ దారిని కొలిచి చూపును. 1918లో కూనూరునందు చిన్న శాఖగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థయు ఈ పనికే వెలసినది.

ఆ శాస్త్రము చెప్పినదానిలో మన యింటికి పనికివచ్చు మాటలు కొన్ని గలవు. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలలోను, పెసలు, శనగలు మొదలగు పప్పుధాన్యములలోను, కాలేయములోను ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థము సమృద్ధిగా నున్నది. అది నీటిలో కరగును, హెచ్చు వేడికి చెడును. కావున కూరను తరిగిన పిమ్మట గాక ముందే కడుగవలెను. చాలసేపు ఉడికించి నీరు వార్చి పారబోయరాదు. గర్భము ధరించిన తొలి వారములలోనే బిడ్డ వెన్నుపాము ఏర్పడును. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లమును పుచ్చుకొన్న స్త్రీల బిడ్డలలో వెన్నుపాము లోపములు మిక్కిలి తగ్గుటను 1991లో ఇంగ్లండునందు ముగిసిన ఒక పెద్ద పరిశోధన నిరూపించెను. అటువంటి ప్రసవము ముందు జరిగిన స్త్రీలలో నూటికి డెబ్బదికి పైగా ముప్పు తగ్గెను.

ఇంత తెలిసియు, ఆరోగ్య కేంద్రమున ఇచ్చిన ఎర్రమాత్రలను వికారమగుచున్నదనియో, బిడ్డ నల్లబడుననియో చెప్పి గూటిలో పెట్టి మరచు కుటుంబములు నేటికిని గలవు. బిడ్డ రంగునకును ఈ మాత్రకును సంబంధము లేదు. వికారమైనచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును. అప్పటికిని తగ్గనిచో వైద్యుని అడుగవలెను. ఆ మాత్రను ఉపేక్షించునపుడు, ఇరువురు సోదరులను పోగొట్టుకొని, ఇల్లాలికి దూరమై, చూడని బిడ్డకై లోలోపల కుమిలి, పరాయిదేశమున రాత్రింబవళ్ళు శ్రమించిన ఒక తెలుగువాని కష్టమును ఉపేక్షించుచున్నామని తలంపవలెను.

సుబ్బారావు గారికి శిలావిగ్రహము నిలిపినను నిలుపకపోయినను, మన యూర ప్రసవమున కన్నుమూయు తల్లి యొక్కతెయు లేకుండ చూచుకొనుటయే వారికి తగిన స్మారకము. ఆ పనికి తోడ్పడు గ్రంథములు మన బీరువాలలో చేరవలెను. చేరిన గ్రంథములను మన ఆడుబిడ్డలు ఇంటికి కొనిపోయి చదువవలెను. రెండుమార్లు పరీక్ష తప్పిన బాలుడు మన బల్లల యొద్ద కూర్చుండి మూడవమారునకు సిద్ధమగుచుండవచ్చును. అతనికి ఒక మంచి పుస్తకము, ఒక దీపము, ఒక మంచిమాట అందించుటకే ఈ గ్రంథాలయమును మన పెద్దలు నెలకొల్పిరి. రాబోవు ఇరువదియైదేండ్లలో అది ఆ పనిని మానకుండుగాక.